ఈస్ట్రోజన్ పాఠం వరి చేను దగ్గర మొదలుపెట్టండి

కొత్తగా చేరిన జువాలజీ లెక్చరర్లకు ఈ పాఠమంటే టెన్షన్. అమలాపురం దగ్గర కాలేజీలో నాకూ అంతే ఉండేది. ఆడపిల్లలు తల వంచుకుంటారు, వెనక బెంచీల్లో నవ్వులు. అందుకే గర్భాశయం మాట ముందు ఎత్తకండి.

"నాట్లయ్యాక యూరియా ఎందుకు చల్లుతారు?" అని అడగండి. "పిలకలకి మేడమ్" అని వెనక బెంచీయే ముందు అరుస్తుంది. అక్కడ పట్టుకోండి. నెలసరికి గర్భాశయం లోపలి పొర రాలిపోయి పలచబడుతుంది. అండాశయం వదిలే ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌తో కణాలు విభజన చెంది అది మళ్లీ మందమవుతుంది. ఇది పిలక దశ.

ఇప్పుడు బోర్డంతా ఒక్క కణమే గీయండి. మొదటి ఏడాది నేను తాళం, తాళంచెవి బొమ్మ వేస్తే, హార్మోన్ కణం బయటే ఆగుతుందని సగం మంది రాశారు. తప్పు నాదే. బయట ఆగేది ఇన్సులిన్. ఈస్ట్రోజన్ కొవ్వులో కరిగే స్టిరాయిడ్, కణం పొర దాటి లోపలికే పోతుంది. లోపల గ్రాహకాన్ని, అంటే హార్మోన్‌ని అందుకునే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. అలాంటివి రెండు జంటకట్టి డీఎన్ఏ మీద తమ చోట కూర్చుంటే కొన్ని జన్యువులు పనిలోకి దిగుతాయి. గ్రాహకాల్లో ఆల్ఫా, బీటా రెండు రకాలు. బీటా సంగతి 1996లో గానీ తెలియలేదు.

చురుకైనవాళ్లుంటే ఇంకో ముక్క. ఎలుకల్లో చూస్తే, పైపొర కణాలకు విభజన కబురు వెళ్లేది కింది కణజాలం నుంచే. ఈస్ట్రోజన్ అందుకున్న కింది కణాలు వృద్ధి కారకాలు, అంటే పెరగమని చెప్పే కబుర్లు పంపుతాయి. ఎరువు నేలకి వేస్తే ఆకు పచ్చబడదూ!

తర్వాత అడగండి: "పొట్టకొచ్చిన చేనుకి ఇంకా యూరియా చల్లితే?" అక్టోబరు తుఫానుకి పడిపోయిన చేలు చూసిన పిల్లలు, వేరే చెప్పక్కర్లేదు. గర్భాశయంలోనూ పెరుగుదల ఆగాలి. అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలే కార్పస్ లూటియం నుంచి ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ వస్తుంది. అది ఈస్ట్రోజన్ గ్రాహకాలను తగ్గించి విభజన ఆపుతుంది, గ్రంథులను స్రావాల పనిలో పెడుతుంది. తమాషా ఏమిటంటే, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలను తయారుచేయించేది ఈస్ట్రోజనే. నెలల తరబడి అండం విడుదల కాకపోతే ఆపేవాళ్లుండరు, పొర అడ్డూఅదుపూ లేకుండా పెరగొచ్చు.

ఇది చెప్పిన రోజు ఒకమ్మాయి క్లాసయ్యాక వచ్చింది. ముట్లుడిగిన ఐదేళ్లకి వాళ్ల మామ్మకి మళ్లీ రక్తం కనిపిస్తోందట. అండాశయం ఆగినా ఒంట్లో కొవ్వు కొంత ఈస్ట్రోజన్ తయారుచేస్తుందని, దాంతో పొర పెరగొచ్చని, చుక్క కనబడినా ఆలస్యం చేయకుండా డాక్టరమ్మకి చూపించాలని చెప్పి పంపాను. పరీక్షలో రాని ఆ ముక్కని అప్పట్నుంచి క్లాసులోనే చెబుతున్నాను, మగపిల్లలు ఉండగానే.