ఇంట్లో ఎంసీబీ, ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతుంటే లోపాన్ని వెతికే పద్ధతి

ఉన్నట్టుండి కరెంటు పోయినప్పుడు ముందు ఇరుగుపొరుగు ఇళ్లను చూడాలి. వీధి మొత్తం చీకటిగా ఉంటే అది విద్యుత్ పంపిణీ సంస్థ సరిచేయవలసిన విషయం. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. మీ ఇంట్లో మాత్రమే పోతే డీబీ బాక్సు, అంటే ఇంటి సర్క్యూట్లన్నింటి ఎంసీబీలు ఉండే పెట్టె దగ్గరికి వెళ్లండి. చేతులు తుడుచుకుని, కాళ్లకు పొడి రబ్బరు చెప్పులు వేసుకుని, టార్చి వెలుగులో చూడండి. బాక్సు దగ్గర కాలిన వాసన వస్తున్నా, చిటపటమనే శబ్దం వినిపిస్తున్నా, మూత చేతికి వేడిగా తగులుతున్నా, గోడలోంచి నీరు దిగుతున్నా ఏ లివరునూ పైకి ఎత్తకండి. మెయిన్ స్విచ్చి ప్రమాదం లేకుండా అందితే దాన్ని ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇవేవీ లేకపోతే, పడిపోయింది ఏదో గుర్తించాలి. సన్నగా, వరుసగా కనిపించేవి ఎంసీబీలు; ఇవి ఒక్కో గదికో, ఒక్కో పెద్ద పరికరానికో ఒకటి చొప్పున ఉంటాయి. సింగిల్ ఫేజ్ ఇళ్లలో రెండు ఎంసీబీలంత వెడల్పుతో, ముందు భాగంలో ‘టీ’ అనే అక్షరం ఉన్న చిన్న బటన్‌తో కనిపించేది సాధారణంగా ఆర్‌సీసీబీ. ఎంసీబీ ఎక్కువ కరెంటు ప్రవహించినప్పుడు పడుతుంది. ఆర్‌సీసీబీకి కరెంటు ఎంత వాడుతున్నామన్నది పట్టదు. ఫేజు వైరులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్ వైరులో తిరిగి వచ్చిందా లేదా అన్నదే అది చూస్తుంది. ఆ తేడా ఇళ్లలో వాడే రకంలో 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే, అంటే 15 నుంచి 30 మధ్య ఎక్కడైనా అది పడిపోవచ్చు. ఈ రెండింటి పని వేరు కాబట్టి వెతికే దారి కూడా వేరు.

పడింది ఎంసీబీ అయితే అది పడిన తీరే చాలావరకు కారణం చెబుతుంది. దాని కింద ఉన్న పరికరాలన్నీ ఆపి, లివరును పూర్తిగా కిందికి దించి పైకి ఎత్తండి. కొన్ని రకాల్లో లివరు మధ్యలో ఆగిపోతుంది, దాన్ని కిందికి దించకుండా ఎత్తితే నిలబడదు. ఎత్తిన మరుక్షణమే పడిపోతే ఎక్కడో ఫేజు, న్యూట్రల్ కలిసి షార్ట్ అయినట్టు అనుకోవాలి. ప్లగ్గులన్నీ పీకేసి ఇంకొక్కసారి ప్రయత్నించండి. అప్పుడూ నిలబడకపోతే లోపం గోడలోని వైరింగులోనో, స్విచ్చి బోర్డులోనో ఉంది. మళ్లీ మళ్లీ ఎత్తితే ఆ షార్ట్ దగ్గర ప్రతిసారీ పెద్ద కరెంటు ప్రవహించి వైరు కాలుతుంది, కనుక అక్కడితో ఆపాలి.

కొన్ని నిమిషాలు పనిచేశాక పడితే సాధారణంగా అది ఓవర్‌లోడు. ఎంసీబీలో ఉండే రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగినప్పుడు లివరు పడుతుంది కాబట్టి, అది చల్లబడడానికి కాసేపు ఆగి ఎత్తాలి. లెక్క చాలా సులభం: వాట్లను 230తో భాగిస్తే సుమారుగా ఆంపియర్లు వస్తాయి. సంక్రాంతికి చుట్టాలు వచ్చిన ఇంట్లో 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్వు, 1200 వాట్ల మైక్రోవేవు, 750 వాట్ల మిక్సీ ఒకే 16 ఆంపియర్ల ఎంసీబీ మీద కలిసి నడిస్తే మొత్తం 17 ఆంపియర్లు దాటుతుంది. ఒకదాన్ని వేరే సర్క్యూట్‌కు మార్చుకుంటే సరిపోతుంది. చిన్న లోడుకే పడుతుంటే, ఆ ఎంసీబీ స్క్రూ దగ్గర వైరు లూజుగా ఉండి వేడి పుట్టిస్తోందేమో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఎట్టి పరిస్థితిలోనూ ‘16 పడిపోతోంది, 32 వేయండి’ అనకండి. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడడానికి, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే, అది పడేలోపే వైరు మీది ఇన్సులేషన్ కరిగిపోతుంది.

ఆర్‌సీసీబీ పడినప్పుడు వెతకడానికి ఎక్కువ ఓపిక కావాలి. ఎంసీబీలన్నీ కిందికి దించి, ముందు ఆర్‌సీసీబీని ఎత్తండి. అది నిలిచిందంటే, ఎంసీబీలను ఒక్కొక్కటిగా ఎత్తుకుంటూ వెళ్లండి. ఏది ఎత్తగానే ఆర్‌సీసీబీ పడిందో ఆ సర్క్యూట్‌లోనే లీకేజీ, అంటే కరెంటు దారి తప్పి ఎర్త్‌లోకి పోవడం, ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని దించి ఉంచితే మిగతా ఇంటికి కరెంటు ఉంటుంది, తెల్లవారే వరకు ఇబ్బంది పడనక్కర్లేదు. తరువాత ఆ సర్క్యూట్‌లోని ప్లగ్గులన్నీ పీకి, ఒక్కొక్కటే పెట్టి చూడండి. ప్లగ్గు పీకమంటున్నదానికి కారణం ఉంది: సాధారణ స్విచ్చి ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ వైరు పరికరానికి తగిలే ఉంటుంది. పరికరం లోపల న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతుంటే, స్విచ్చి ఆపినా ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటుంది.

ఈ వెతుకులాటలో ఎక్కువగా దొరికేది గీజరు. దాని ఎలిమెంటు అంటే ఒక లోహపు గొట్టం. అందులో వేడెక్కే నైక్రోమ్ తీగ, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటాయి. బోరు నీటిలోని ఉప్పు, సున్నం గొట్టం మీద పొరలుగా పేరుకుంటే అక్కడి వేడి నీటిలోకి పోలేక గొట్టం సన్నగా చిట్లుతుంది. చిట్లిన చోటు నుంచి తడి ఆ పొడిలోకి చేరి, కరెంటు నీటిలోకి, దాని నుంచి ఎర్త్‌లోకి లీకవుతుంది. నీళ్లు వేడిగా వస్తూనే ఉంటాయి కాబట్టి గీజరు బాగానే ఉందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ఇలాంటి గీజరుకు ఎర్త్ లేకపోతే ఆ కరెంటు కుళాయి తిప్పే మనిషి గుండా పోతుంది. ఎలిమెంటు మార్పించే వరకు దాన్ని వాడకూడదు.

ముసురు పట్టిన రోజుల్లోనే పడుతుంటే ఆరుబయట చూడండి: గేటు దీపం, మేడ మీది బోర్డు, కాలింగ్ బెల్ స్విచ్చి, బోరు మోటారు కేబుల్ అతుకు, పండగకు కట్టి వదిలేసిన సీరియల్ లైట్లు. ఎండ కాసి ఆరగానే మళ్లీ నిలబడుతుంది. నిలబడిందని వదిలేయకండి, తడి చేరే దారి అలాగే ఉంది.

ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలబడకపోతే చాలామంది అదే పాడైందని కొత్తది కొంటారు. మన ఇళ్లలో ఎక్కువ ఎంసీబీలు ఫేజును మాత్రమే తెంచేవి కాబట్టి, ఏదో ఒక సర్క్యూట్‌లో న్యూట్రల్ ఎర్త్‌కు తగిలి ఉన్నా ఇదే జరుగుతుంది. ఇంట్లోని ప్లగ్గులన్నీ పీకి చూడడం వరకే మీ పని. అప్పటికీ నిలబడకపోతే న్యూట్రల్ వైర్లను బార్ నుంచి, అంటే అవన్నీ వచ్చి కలిసే లోహపు పట్టీ నుంచి ఒక్కొక్కటిగా విప్పి పరీక్షించాలి. అది ఎలక్ట్రీషియనే చేయవలసిన పని. ఇన్వర్టర్ పెట్టించిన నాటి నుంచే ఈ బాధ మొదలైతే ఆ సంగతి అతనికి తప్పక చెప్పండి. ఇన్వర్టర్‌కు వెళ్లే ఫేజు ఆర్‌సీసీబీకి ముందు నుంచి తీసుకుని, దాని న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీ తరువాతి బార్‌లో కలిపితే, ఏ పరికరంలో లోపం లేకపోయినా అది పడుతుంది.

కొన్ని ఇళ్లలో ఏ ఒక్క పరికరాన్నీ తప్పుపట్టలేం. కంప్యూటర్లు, వాషింగ్ మెషీన్లు, ఇన్వర్టర్ ఏసీలు లోపం లేకుండానే ఎర్త్‌లోకి కొద్దికొద్దిగా కరెంటు వదులుతాయి. అవన్నీ ఒకే ఆర్‌సీసీబీ కింద ఉంటే ఆ కొద్దికొద్దీ కలిసి హద్దు దాకా వస్తుంది. సర్క్యూట్లను రెండు మూడు ఆర్‌సీసీబీల కిందికి విడదీయడం దీనికి మందు.

ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్టుగా కలిపేస్తే గొడవ వదులుతుందని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు, డబ్బు తీసుకుని ఆ పని చేసిపెట్టేవాళ్లూ ఉన్నారు. ఒప్పుకోకండి. లీకేజీ అలాగే ఉంటుంది, దాన్ని పట్టుకునే సాధనం మాత్రమే పోతుంది. తడి చేతితో వాషింగ్ మెషీన్ ముట్టుకున్న పిల్లవాడిని ఎంసీబీ కాపాడలేదు. మనిషి ప్రాణం తీయడానికి సరిపోయే కరెంటు ఎంసీబీ లెక్కలోకే రాదు.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఏ ఎంసీబీ ఎత్తితే పడిందో, ఎంతసేపటికి పడిందో, అప్పుడు ఏవి నడుస్తున్నాయో చెబితే సగం సమయం కలిసివస్తుంది. టెస్టరుతో చూసి ‘అంతా బాగుంది’ అంటే సరిపోదు. లీకేజీని టెస్టరు కొలవలేదు. పరికరాలన్నీ తీసేసి, 500 వోల్టుల మెగ్గరుతో అనుమానం ఉన్న సర్క్యూట్ ఇన్సులేషన్‌ను కొలవమనండి. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే వైరింగులో లోపం ఉన్నట్టే. పని ముగిశాక, అతను వెళ్లకముందే, కంప్యూటర్లు ఆపి ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కండి. నొక్కగానే లివరు పడాలి. పడకపోతే ఆర్‌సీసీబీని ఆ రోజే మార్పించండి.