మెదడు పొరల స్లైడు చదవడం, 4వ పాఠం: డ్యూరాలో మాస్ట్ కణాలు

గత పాఠంలో మెదడు మీది మూడు పొరల్ని విడివిడిగా గుర్తుపట్టాం. మూడింటిలో డ్యూరా ఏదని అప్పుడు అడిగాను. జవాబు: పుర్రె ఎముకకు ఆనుకుని, పీచులతో మందంగా కనిపించేది డ్యూరా. ఈసారి ఆ పొర లోపలికి వెళ్దాం.

మెదడు కణజాలానికి నొప్పి తెలియదు, డ్యూరాకు తెలుస్తుంది. ముఖం, తల నుంచి స్పర్శను, నొప్పిని మోసే ట్రైజెమినల్ నాడి కొమ్మలు దానిలో, ముఖ్యంగా రక్తనాళాల వెంట, అల్లుకుని ఉంటాయి. ఆ నాళాల పక్కనే, నాడి కొసలకు దగ్గరగా మాస్ట్ కణాలు ఉంటాయి. ఒంట్లో అలర్జీ రేపేవీ ఈ కణాలే. వీటికి పేరు పెట్టింది పాల్ ఎర్లిష్, 1878లో, తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో. నిండుగా మేసిన కణాలని ఆయన అనుకున్నాడు, జర్మన్‌లో ఆ అర్థం వచ్చే మాటే పెట్టాడు. నిజానికి వాటి లోపల కనిపించే రేణువులు బయటి నుంచి మింగినవి కావు, ఆ కణాలే తయారు చేసుకున్నవి.

ఇక స్లైడు చూద్దాం. టొలుయిడిన్ బ్లూ రంగు వేసిన డ్యూరా తీసుకోండి. మామూలు కణాల కేంద్రకాలు నీలంగా కనిపిస్తాయి. మాస్ట్ కణం మాత్రం ఊదా రంగుకు తిరుగుతుంది. రంగు ఒక్కటే, కనిపించేది వేరు, ఎందుకని? మాస్ట్ కణం రేణువుల్లో హెపారిన్ అనే పదార్థం ఉంటుంది. దాని మీద రంగు అణువులు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా చేరతాయి, దాంతో అవి పీల్చుకునే కాంతి మారిపోతుంది. మొదట తక్కువ పవర్‌లో రక్తనాళాన్ని పట్టుకోండి, దాని అంచు వెంటే నెమ్మదిగా జరపండి. ఊదా చుక్కలు తగిలాక పవర్ పెంచండి.

ఇప్పుడు అసలు పని. చెక్కుచెదరని కణానికి అంచు స్పష్టంగా ఉంటుంది, రేణువులు కిక్కిరిసి కేంద్రకాన్ని కూడా కప్పేస్తాయి. పగిలిన కణం అంచు చెదిరి ఉంటుంది, మధ్యలో ఖాళీలు పడతాయి, రేణువులు బయట చిల్లరగా పడి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు ఆవాలు ఒలికిపోయినట్టే అనిపిస్తుంది. ఆ ఒలికినవాటిలో అలర్జీలో దురద, వాపు తెచ్చే హిస్టమిన్ ఉంటుంది, ట్రిప్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. రెండూ పక్కనున్న నాడి కొసను కదిలించగలవు. కదిలిన నాడి సీజీఆర్‌పీ (నాడులు వదిలే ఒక చిన్న ప్రోటీన్) లాంటి పదార్థాలు విడుదల చేస్తుంది, రక్తనాళాలు వెడల్పవుతాయి. ఎలుకల డ్యూరాలో ఈ సీజీఆర్‌పీయే మళ్లీ మాస్ట్ కణాలను పగలగొట్టగలదు. ఇది చుట్టూ తిరిగే దారి. మైగ్రేన్ తలనొప్పిలో దీనికి పాత్ర ఉండవచ్చని పరిశోధకుల అనుమానం. మైగ్రేన్ ఉన్నవాళ్లకు "ఏం లేదు, టెన్షన్ తగ్గించుకో" అని చెప్పేవాళ్లు ఈ ఒక్క స్లైడు చూస్తే బాగుండునని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

అయితే పక్కన కనిపించినంత మాత్రాన కారణం అనలేం. కణాలు పగిలినందువల్ల నాడి రేగిందా, నాడి రేగినందువల్ల కణాలు పగిలాయా అన్నది నిలిచిపోయిన స్లైడు చెప్పదు. అందుకే 2007లో బోస్టన్ పరిశోధకులు ఎలుకల్లో మాస్ట్ కణాలను మందుతో కావాలని పగలగొట్టి చూశారు. డ్యూరాలోని నొప్పి నాడులు రేగి, చాలాసేపు అలాగే ఉన్నాయి. ఎలుకలో ఒక దిక్కు ఇలా తేలింది. మనుషుల్లో కూడా హిస్టమిన్ ఎక్కిస్తే, మైగ్రేన్ ఉన్నవాళ్లలో చాలామందికి గంటల తర్వాత దాడి వస్తుందని ప్రయోగాల్లో కనిపించింది. అయినా హిస్టమిన్‌ను అడ్డుకునే అలర్జీ మాత్రలు మైగ్రేన్‌కు నమ్మదగిన మందు కాలేదు. కణం ఒలికించేది హిస్టమిన్ ఒక్కటే కాదు కదా. కాబట్టి ఈ పాఠం చదివి ఎవరూ సొంతంగా మాత్రలు మొదలుపెట్టవద్దు.

ఇంకో జాగ్రత్త. డ్యూరాను పట్టకారుతో గట్టిగా లాగినా, నిల్వ ద్రావణంలో వేయడం ఆలస్యమైనా కణాలు మన చేతిలోనే పగులుతాయి. అందుకే ఏ ప్రయోగమూ చేయని జంతువు స్లైడు ఒకటి పక్కన తప్పనిసరిగా ఉండాలి. రెండూ ఒకే చేత్తో, ఒకే తీరుగా తయారవ్వాలి. లెక్కపెట్టే మనిషికి ఏది ఏదో తెలియకూడదు.

అభ్యాసం: ఇది నేను కల్పించిన లెక్క. కణాలను పగలగొట్టే మందు ఇచ్చిన జంతువు స్లైడులో 60 కణాలుంటే 24 పగిలాయి. మామూలు జంతువు స్లైడులో 50కి 10 పగిలాయి. రెండింటి శాతాలు కట్టండి. పగుళ్లలో ఎంత భాగం స్లైడు తయారీలో మన చేతి వల్ల వచ్చి ఉండవచ్చో ఆలోచించండి. తర్వాత ఈ రెండు స్లైడుల గురించి ఒకే ఒక్క వాక్యం రాయండి. అందులో "నొప్పి" అనే మాట పెట్టవచ్చా, పెట్టకూడదా? ఎందుకో కూడా రాసి ఉంచుకోండి, 5వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.