మెడికల్ ప్రాక్టికల్స్‌కు బ్యాచ్‌లు ఎలా వేయాలి?

రోల్ నంబర్ల వరుసలో బ్యాచ్‌లు వేయడం సులువే. కానీ అలా వేస్తే డిసెక్షన్ (మృతదేహాన్ని కోసి నేర్చుకునే) టేబుల్ దగ్గర ఇద్దరు స్కాల్పెల్ (కోసే కత్తి) పట్టుకుంటారు, నలుగురు తొంగిచూస్తారు, మిగతావాళ్లు ఫోన్లలో మునుగుతారు. పోనీ, ఎవరితో ఉండాలో వాళ్లనే ఎంచుకోమంటే స్నేహితులంతా ఒకచోట చేరి, మొహమాటస్తులు మిగిలిపోతారు.

ముందుగా అందరి చేతా ఒక చిన్న ఫారం నింపించండి. మార్కులు వద్దు. ఏయే భాషలు మాట్లాడతారు, ఉండేది హాస్టల్లోనా ఇంట్లోనా, ఇదివరకు ప్రథమ చికిత్స నేర్చుకున్నారా, ఈ మూడూ చాలు.

హైదరాబాద్‌లో మొదట చూడాల్సింది భాషే. ఉస్మానియా జనరల్ హాస్పిటల్ వార్డులో ఒక మంచం మీద దక్కనీ ఉర్దూ మాట్లాడే పాతబస్తీ పెద్దావిడ ఉంటే, పక్క మంచం మీద పాలమూరు రైతు ఉండొచ్చు. "కబ్ సే దుఖ్‌రా?" అని ఆమెనూ, "ఎప్పటిసంది నొస్తుంది?" అని ఆయననూ అడగగలిగేవాళ్లు ఒకే బ్యాచ్‌లో ఉండాలి. ఆలిండియా కోటాలో వచ్చిన, తెలుగు రాని పిల్లలందరూ ఒకే బ్యాచ్‌లో పడితే వాళ్ల హిస్టరీ షీటు (పేషెంట్ చెప్పే జబ్బు వివరాలు రాసే కాగితం) సగం ఖాళీగానే ఉంటుంది. వాళ్లను తలా ఒక బ్యాచ్‌లో వేయండి. నాలుగు నెలల్లో తెలుగు కూడా పట్టుబడుతుంది. ప్రతి బ్యాచ్‌లో కనీసం ఇద్దరు అమ్మాయిలు ఉండేలా చూడండి. మహిళా పేషెంట్లను పరీక్షించేటప్పుడు పక్కన ఒక ఆడమనిషి ఉండాలి కదా.

మంచం దగ్గరికి ఐదారుగురిని మించి పంపొద్దు. మాట్లాడేది ఒక్కరే, అంతకన్నా ముందు పేషెంట్ అనుమతి అడగాలి. డిసెక్షన్‌లో ఒక్కో టేబుల్‌కు ఎక్కువమంది తప్పకపోతే రెండు సగాలు చేయండి. ఒక సగం కోస్తుంటే రెండోది ఎముకలు, మోడళ్లు చూసి, తర్వాత మొదటి సగానికి చెప్పాలి.

ఇక పనుల పంపకం. కోసేవారు, మాన్యువల్ చదివేవారు, నరాన్నో ధమనినో వెతికి చూపేవారు, రాసుకునేవారు: ఎవరి వంతు ఎప్పుడో తేదీలతో సహా ముందే గోడకు అంటించండి. లేకపోతే చేయి తిరిగినవాళ్లే రోజూ కోస్తారు. స్కిల్ ల్యాబ్‌లో (బొమ్మల మీద సాధన చేసే గదిలో) సీపీఆర్, అంటే ఆగిన గుండెకు ఛాతీ నొక్కి, శ్వాస ఇచ్చే చికిత్స అయితే వంతులు మార్చక తప్పదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున ఛాతీని నొక్కాలి. అలసిన చేతులకు ఆ లోతు అందదు, అందుకే 2 నిమిషాలకోసారి మనిషి మారాలి. 30 నొక్కుళ్లకు 2 శ్వాసలు. పైకి లెక్కపెట్టే పని కొత్తగా నేర్చుకుంటున్నవారికి ఇవ్వండి, భయం పోతుంది.

డే స్కాలర్లున్న బ్యాచ్‌కు రాత్రి ఎనిమిదింటికి చర్చ పెట్టొద్దు. మియాపూర్ మెట్రోలో నిలబడి ఎవరూ కేస్ ప్రెజెంటేషన్ తయారుచేయలేరు.

పని ఎగ్గొట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ తేలతారు. బ్యాచ్ మొత్తానికి కలిపి సంతకం పెట్టకుండా, చేసిన పని చూసి ఒక్కొక్కరి లాగ్‌బుక్‌లో విడిగా పెట్టండి. గొడవ వచ్చిందని మధ్యలో మనుషుల్ని మార్చకండి. పోస్టింగ్ (నేర్చుకునే వార్డు) మారినప్పుడు బ్యాచ్‌లన్నీ కలిపి కొత్తగా వేస్తే ఎవరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు.