పురుగుమందు ఒంట్లోకి పోతే: ఆసుపత్రికి చేరేలోపు

మహారాష్ట్రలోని సిరోంచ, అహేరి వైపు పత్తి, మిరప చేలల్లో మందు కొట్టే రోజుల్లో ఇది తెలిసుండాలి. ముందు 108కి ఫోన్ చేయండి. తడిసిన బట్టలు విప్పేసి ఒళ్లు, జుట్టు సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడగండి. కడిగేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి. స్పృహ తగ్గుతుంటే ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఉప్పునీళ్లు, పేడనీళ్లు పట్టి కక్కించొద్దు. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతే మందుకంటే ముందే అది ప్రాణం తీయొచ్చు.

మందు డబ్బా వెంట తీసుకెళ్లండి, లేబుల్ మరాఠీలో ఉన్నా సరే. చికిత్స దాన్నిబట్టే మారుతుంది. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులైతే కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది, చొంగ, చెమట కారతాయి, కండలు అదురుతాయి. డాక్టర్లు విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు. తేరుకున్నాడని ఇంటికి తెచ్చేసుకోవద్దు: 1 నుంచి 4 రోజుల్లో మెడ నిలవక, ఊపిరాడక మళ్లీ పడిపోవచ్చు.

పారాక్వాట్ కలుపుమందు మరీ మోసకారి. మొదటిరోజు మనిషి బాగానే మాట్లాడతాడు. ఆ తర్వాత నోట్లో పుండ్లు పడి, కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దీనికి విరుగుడు లేదు. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టూ అలాంటిదే, రెండుమూడు రోజులు ఊరుకుని కాలేయాన్ని పడుతుంది.