ప్రింటర్ వేస్ట్ ఇంక్‌ని బయటి సీసాలోకి మళ్లించడం

హెడ్ క్లీనింగ్ (ఇంక్ చిమ్మే భాగాన్ని శుభ్రం చేసే ఆప్షన్) కొట్టిన ప్రతిసారీ ఇంక్‌జెట్ ప్రింటర్ కొంత ఇంక్ పీల్చి లోపలున్న స్పాంజి ప్యాడ్‌లోకి వదిలేస్తుంది, ఎంత వదిలిందో లెక్కపెట్టే కౌంటర్ నిండిందంటే ప్యాడ్‌లో ఇంకా చోటున్నా సరే మెషీన్ ప్రింట్ చేయనని మొండికేస్తుంది. వారంటీ ఉంటే మాత్రం దీని జోలికి పోకండి.

ముందు ప్లగ్ పీకండి, గ్లవ్స్ వేసుకోండి, కింద పాత పేపర్లు పరవండి. ఎప్సన్ ఎల్3110 లాంటి వాటిలో ప్యాడ్ డబ్బా వెనకవైపే ఉంటుంది, స్క్రూ విప్పి లాగితే పంపు నుంచి వచ్చే సన్న ట్యూబ్ కనిపిస్తుంది. దాన్ని మెల్లగా ఊడదీసి, సైజు సరిపోయే సిలికాన్ ట్యూబ్ తగిలించి, ఎక్కడా మడత పడకుండా బయటి సీసాలోకి వదలండి. సీసా ప్రింటర్ కంటే కిందే ఉండాలి. మూతకి గాలి పోవడానికి ఇంకో చిన్న బెజ్జం పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే ఇంక్ వెనక్కి తన్నుతుంది.

ట్యూబ్ వేసినంత మాత్రాన కౌంటర్ తగ్గదు, సాఫ్ట్‌వేర్‌తో రీసెట్ చేయాల్సిందే. ఊరికే రీసెట్ కొట్టి ప్యాడ్‌ని వదిలేసేవాళ్లూ ఉన్నారు, టేబుల్ మీదికి కారాక తెలుస్తుంది! బోర్డర్‌లెస్ (చుట్టూ తెల్ల అంచు లేని) ఫొటోలు వేసేటప్పుడు పేపర్ అంచు దాటి పడే ఇంక్ మాత్రం ఈ ట్యూబ్‌లోకి రాదు, దాని స్పాంజి వేరే. నిండిన సీసాని సింక్‌లో పారబోయకండి.