ఇళ్ల మరమ్మతుకు వెళ్లే ఆఫీసు వాలంటీర్లకు కొన్ని జాగ్రత్తలు

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లం ఒక్కరోజు సుత్తి, నిచ్చెన పట్టుకుంటాం. ఉత్సాహం ఎక్కువ, అలవాటు తక్కువ. దెబ్బలు తగిలేది అందుకే. వారం ముందే పని తెలిసిన మేస్త్రీకి ఇల్లు చూపించండి. మనం చేయగలిగేది ఏదో, ఆయనకే వదిలేయాల్సింది ఏదో అప్పుడే తేలిపోవాలి. నా మాట వింటే కరెంటు వైరింగు, పైకప్పు, కూలేలా ఉన్న గోడ జోలికి మనం అసలు పోకూడదు.

పైకప్పు గురించి గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పాత సిమెంటు రేకులు చూడ్డానికి బాగానే ఉంటాయి, కాలు మోపితే ఒక్కసారిగా పగులుతాయి. పైగా వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. కోసినా, డ్రిల్ చేసినా లేచే పొడి ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కు దారితీయొచ్చు. గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు.

నిచ్చెనకు ఒక లెక్క ఉంది: ప్రతి 4 అడుగుల ఎత్తుకు 1 అడుగు దూరం. 12 అడుగుల ఎత్తున ఆనిస్తే, దాని కాళ్లు గోడకు 3 అడుగుల దూరంలో ఉండాలి. కింద ఒకరు పట్టుకునే ఉండాలి, ఫోన్ వస్తే వదిలి వెళ్లకూడదు. తీగల దగ్గర ఇనుప నిచ్చెన, అల్యూమినియం నిచ్చెన వద్దు.

పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా సాండ్‌పేపర్ పెట్టకుండా, తడిపి గీకండి. చిన్నపిల్లలను, గర్భిణులను ఆ గదిలోకి రానివ్వకండి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని 10 ఏళ్లు దాటితే, వెళ్లేలోపే వేయించుకోండి.

ఇక అన్నిటికంటే ముఖ్యం ఆ ఇంట్లో ఉండేవాళ్లు. పాత సామాను మనకు చెత్తలా కనిపించొచ్చు, అడక్కుండా ఏదీ పారేయకండి. వాళ్లు సరేనంటేనే ఫోటోలు తీయండి. వద్దనడానికి మొహమాటపడతారు కాబట్టి, అందరూ వెళ్లకుండా ఒక్కరే వెళ్లి నెమ్మదిగా అడగడం మంచిది. సాయంత్రానికి పూర్తి కాదనిపించే పని మొదలుపెట్టకండి, ఆ రాత్రి వాళ్లు అక్కడే పడుకోవాలి. బయల్దేరే ముందు తలుపు గడియ పడుతోందో లేదో చూడండి, నేల మీద మేకులన్నీ ఏరేయండి.