రెండు బ్యాక్టీరియాల రియాక్షన్ సెంటర్లను ఒకదానిపై ఒకటి పేర్చి పోల్చడం

రియాక్షన్ సెంటర్ అంటే కిరణజన్య సంయోగక్రియలో కాంతి శక్తితో ఎలక్ట్రాన్‌ను కదిలించే ప్రోటీన్ సముదాయం. ఈ పోలిక మొదటిసారి చేసేవాళ్లకు బ్లాస్టోక్లోరిస్ విరిడిస్ (ప్రోటీన్ నిర్మాణాల భాండాగారం పీడీబీలో 1పీఆర్‌సీ, రిజల్యూషన్ అంటే వివరాల సూక్ష్మత 2.3 ఆంగ్‌స్ట్రామ్‌లు), రోడోబ్యాక్టర్ స్ఫెరాయిడిస్ (1పీసీఆర్, 2.65) మంచి జత. మొదటిదాని నిర్మాణం తేల్చినందుకే డైసెన్‌హోఫర్, మిషెల్, హ్యూబర్‌లకు 1988లో నోబెల్ వచ్చింది.

రెండింటినీ నిర్మాణాలు చూసే సాఫ్ట్‌వేర్ కైమెరాఎక్స్‌లో తెరిచి నీటి అణువులు తీసేయండి. విరిడిస్‌లోని సీ చైన్‌ను (చైన్ అంటే ఒక్కో ప్రోటీన్ గొలుసు) దాచేయండి. అది నాలుగు హీమ్‌లున్న సైటోక్రోమ్, అంటే ఎలక్ట్రాన్లను మోసే ప్రోటీన్. స్ఫెరాయిడిస్ ఫైల్లో దానికి జోడీ లేదు.

ఇక మ్యాచ్‌మేకర్, అంటే నిర్మాణాలను ఒకదానిపై ఒకటి పేర్చే కైమెరాఎక్స్ సాధనం. చైన్లను దానికే వదిలేయకుండా ఎల్‌కు ఎల్ అని మీరే చెప్పండి. రియాక్షన్ సెంటర్‌లోని ఎల్, ఎం చైన్లు అక్కాచెల్లెళ్లు, రెండింటికీ పొర దాటే హెలిక్స్‌లు ఐదేసి. పొరపాటున ఎల్‌ను ఎం మీద పెట్టినా చూడ్డానికి బాగానే కూర్చుంటుంది. కానీ వర్ణకాల రెండు వరుసల్లో ఎలక్ట్రాన్ నడిచే కొమ్మ, నడవని కొమ్మ తారుమారవుతాయి. సరిచూడాలంటే క్యూఏ చోటు (ఎలక్ట్రాన్‌ను అందుకునే మొదటి క్వినోన్ అణువు కూర్చునే చోటు) చూడండి: విరిడిస్‌లోని మెనాక్వినోన్ రెండు వలయాల తల స్ఫెరాయిడిస్‌లోని యుబిక్వినోన్ ఒంటి వలయం మీద పడాలి.

ఫలితంలో ఆర్‌ఎంఎస్‌డీ (జతపడ్డ పరమాణువులు ఎంత దూరంలో ఉన్నాయో చెప్పే ఒక రకం సగటు) రెండు రకాలుగా కనిపిస్తుంది. 2 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటిన జతల్ని ఏరిపారేశాక వచ్చేది ఒకటి, అన్ని జతలకూ కలిపి వచ్చేది రెండోది. మొదటిది ఎప్పుడూ అందంగానే ఉంటుంది, దాన్నొక్కదాన్నే రాసుకోవడం మోసం. రెండూ, జతల సంఖ్యతో సహా రాయండి.

అవశేషాల (చైన్‌లోని అమైనో ఆమ్లాల) నంబర్లను నమ్మకండి. స్పెషల్ పెయిర్ (ఎలక్ట్రాన్‌ను మొదట వదిలే రెండు బ్యాక్టీరియోక్లోరోఫిల్‌ల జత) మెగ్నీషియంలను పట్టుకునే హిస్టిడిన్లలో ఎల్ చైన్‌ది రెండింట్లోనూ 173. ఎం చైన్‌ది మాత్రం విరిడిస్‌లో 200, స్ఫెరాయిడిస్‌లో 202. నంబరు బదులు మెగ్నీషియానికి దగ్గరగా ఉన్న హిస్టిడిన్‌ను వెతకడమే మేలు. వర్ణకాల పేర్లూ కలవవు: విరిడిస్‌లో బ్యాక్టీరియోక్లోరోఫిల్ బీ (సంకేతం బీసీబీ), స్ఫెరాయిడిస్‌లో ఏ రకం (బీసీఎల్). ఒకే సంకేతంతో ఎంపిక చేస్తే సగం వర్ణకాలు జారిపోతాయి.

దూరాలు కొలిచేటప్పుడు ఈ రిజల్యూషన్‌లో 0.1 ఆంగ్‌స్ట్రామ్ తేడాకు అర్థం లేదు. రెండు క్వినోన్ల మధ్య ఉండే ఇనుము చుట్టూ నాలుగు హిస్టిడిన్లు, ఒక గ్లుటామేట్ రెండింట్లోనూ ఉండాలి. మొక్కల్లో ఇలాంటి పని చేసే ఫొటోసిస్టమ్ 2లో ఆ గ్లుటామేట్ స్థానంలో బైకార్బొనేట్ ఉంటుంది. క్యూబీ (రెండో క్వినోన్) చోటు ఖాళీగా కనిపిస్తే బ్యాక్టీరియాలో ఆ క్వినోన్ లేదనుకోకండి. పట్టు వదులు కాబట్టి డిటర్జెంట్‌తో శుద్ధి చేసేటప్పుడే జారిపోతుంది.